చింతపండుతో తోమిన చరిత్ర

నాకు పదకొండేళ్ళప్పుడు, 2003 వేసవి సెలవుల్లో, ఇరవై మూడు పాత రాగి నాణేలని చింతపండూ ఉప్పూ వేసి తోమాను. దివిసీమలో మా అమ్మమ్మగారింటి పెరట్లో, బోరింగు పంపు పక్కన కూచుని. నల్లగా, పచ్చగా, పట్టుకుంటే చేతికి పొడి అంటేలా ఉన్నవి గంటలో గులాబిరంగుకి తిరిగాయి. పళ్ళెంలో పోసుకెళ్ళి అమ్మమ్మకి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "బాగా తోమావులేవే" అని లోపలికి వెళ్ళిపోయింది. మెచ్చుకుందనే అనుకున్నా.

అప్పుడు నాకు తట్టని విషయం ఒకటుంది. పూజ సామాను దగ్గర్నుంచి నీళ్ళ బిందె దాకా వారం వారం తళతళలాడించే మనిషి అమ్మమ్మ. రాగి మీద చిలుము కనిపిస్తే ఆవిడకి నిద్రపట్టదు. అలాంటిది, ఆ బిస్కెట్ల డబ్బాలో ఉన్న నాణేల జోలికి మాత్రం ఏళ్ళ తరబడి వెళ్ళలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఈ వ్యాసం ఆ డబ్బా గురించి. పాత రాగి నాణెం మీద కనిపించే గుంట, గీత, మచ్చ, పోయిన అక్షరం టంకశాలలో పుట్టుకతో వచ్చినవా, లేక తర్వాత కాలం తెచ్చిపెట్టినవా అనేది ఎలా తెలుస్తుందన్న దాని గురించి కూడా. నాణేలు అమ్మేవాళ్ళకి ఇది ధర ప్రశ్న. చరిత్ర రాసేవాళ్ళకి సాక్ష్యం ప్రశ్న. నాకు మాత్రం, తప్పు ఎవరిది అన్న ప్రశ్న.

డబ్బాలో రెండు రకాల నాణేలున్నాయి. తొమ్మిది చేత్తో కొట్టినవి. మందంగా, అటు గుండ్రమూ ఇటు చదరమూ కాకుండా, బెల్లం ముక్కల్లా ఉంటాయి. వాటి మీద పార్సీ అక్షరాల తునకలు కనిపిస్తాయి. ఇలాంటి రాగి నాణేన్నే మనవాళ్ళు 'డబ్బు' అన్నారు. కంపెనీ వాళ్ళ ఇంగ్లీషులో అదే 'డబ్' అయింది. ఇవాళ ఫోన్లో పంపించుకునే డబ్బు ఒకప్పుడు చేతిలో బరువుగా ఉండే ఒకానొక రాగి బిళ్ళ పేరు. చిల్లర పేరు మొత్తం ధనానికే పేరైపోయింది.

మిగతా పద్నాలుగూ యంత్రం మీద కొట్టినవి. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ చిహ్నం: డాలుకి అటూ ఇటూ కాళ్ళెత్తి నిలబడ్డ రెండు సింహాలు, కింద 1808. రెండోవైపు పార్సీలో, 'ఇరవై కాసులు నాలుగు ఫలూసులు' అని ఉంటుంది. దాని కింద ఇంగ్లీషులో కాసుల లెక్క. కొన్ని అందులో సగం, అంటే పది కాసుల బిళ్ళలు. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే పెద్ద బిళ్ళ విలువ పావు ఫణం. ఉప్పూ చింతపండూ కొనుక్కునే చిల్లరన్నమాట.

అమ్మమ్మ పోయాక డబ్బా నా దగ్గరికొచ్చింది. కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో ఒక నాణేల ప్రదర్శన జరుగుతుంటే, నాలుగైదు పట్టుకుని వెళ్ళాను. ఒక వ్యాపారి పెద్ద కాసుని తిప్పి చూశాడు. దాని మీద కుడివైపు సింహం సగం లేదు. 1808లో చివరి అంకె కూడా లేదు. "ఇది మింట్ ఎర్రర్ మేడం. అచ్చులో జిడ్డు నిండిపోతే ఆ ముక్క పడదు. ఎవరో తోమి పాడుచేశారు గానీ, లేకపోతే మంచి రేటు పలికేది" అన్నాడు.

తోమింది నేనేనని చెప్పలేదు. కానీ మనసు తేలికపడింది. నేను పాడుచేసింది రంగు మాత్రమే, సింహాన్ని కాదు. అది పుట్టడమే అలా పుట్టిందట. ఆ మాట నిజమవ్వాలని గట్టిగా కోరుకున్నా. అందుకే దాన్ని పరీక్షించి చూడాలనిపించింది.

మద్రాసు కాసులైనా ఇవి మద్రాసులో పుట్టలేదు. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, మాథ్యూ బౌల్టన్ టంకశాలలో పుట్టాయి. ఆవిరి యంత్రం జేమ్స్ వాట్‌కి వ్యాపార భాగస్వామి ఆయన. ఆ ఆవిరి బలాన్ని నాణేలు కొట్టే పనికి పెట్టింది బౌల్టనే. 1797లో బ్రిటన్‌కి పెద్ద రాగి పెన్నీలు కొట్టిందీ అక్కడే. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం 1794లో రూపాయికి 48 చొప్పున చెల్లే రాగి నాణేలు, ఆ తర్వాత 1803లో, 1808లో కాసులు అక్కణ్ణించి ఓడలెక్కాయి. మరమీద పని కాబట్టి బిళ్ళలన్నీ ఒకే మందం, ఒకే గుండ్రం. తెలుగులో 'అచ్చుగుద్దినట్టు' అంటామే, సరిగ్గా అదే.

ఇందులో నాలాంటి వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. ఒకే ఏడు, ఒకే చోట, ఒకే పద్ధతిలో పుట్టిన రెండు బిళ్ళలు ఇవాళ వేరు వేరుగా కనిపిస్తున్నాయంటే, ఆ తేడాలో ఎక్కువ భాగం పుట్టిన తర్వాత వచ్చిందే. ఇంకో 1808 కాసు పక్కన పెట్టి చూస్తే చాలు.

ఆ ఇంకో కాసు దొరకడం కష్టం కాలేదు. అందుకు కారణం ఒక ప్రమాదం. 1809 జనవరిలో 'అడ్మిరల్ గార్డనర్' అనే కంపెనీ ఓడ ఈ 1808 కాసుల పీపాలతో బయల్దేరింది. ఇంగ్లండు తీరం విడవకముందే, కెంట్ దగ్గర గుడ్‌విన్ ఇసుకతిన్నెల మీద, గాలివానకి బద్దలైపోయింది. మద్రాసు చేరాల్సిన చిల్లర సముద్రం అడుగున ఉండిపోయింది. 1980లలో గజ ఈతగాళ్ళు దాన్ని లక్షల సంఖ్యలో పైకి తెచ్చారు. అంత ఎక్కువగా దొరికాయి కాబట్టే ఇప్పటికీ చవక. నేను రెండు తెప్పించుకున్నా.

ఒకటి పీపా నడిమధ్యలో, సాటి కాసుల మధ్య ఇరుక్కుని ఉప్పునీటికి అందకుండా మిగిలినట్టుంది. సింహాల జూలు కూడా లెక్కపెట్టొచ్చు. రెండోది నీటికి దొరికింది. దాని ముఖమంతా చెదలు తిన్న తలుపులా ఉంది. రెండూ ఏ సంతలోనూ ఎవరి చేతా మారినవి కావు. కాబట్టి మొదటిది పుట్టుక రూపం, రెండోది ఉప్పు రూపం. ఇక మా అమ్మమ్మ కాసుని వాటి మధ్యలో పెట్టి, పదింతలు చేసి చూపే భూతద్దం పట్టుకుని కూచున్నా.

మొదట చూడాల్సింది, లోపం ఉబ్బుగా ఉందా, గుంటగా ఉందా అని. అచ్చు అనేది తిరగేసిన బొమ్మ. అచ్చులో గుంట ఉన్నచోట నాణెం మీద ఉబ్బు వస్తుంది. అచ్చు ఉక్కుదే అయినా వేల దెబ్బలు తిన్నాక బీటవారుతుంది. ఆ బీటలోకి రాగి దూరి, నాణెం మీద సన్నటి ఉబ్బు గీతగా తేలుతుంది. అచ్చు అంచు ఒక ముక్క విరిగిపోతే అక్కడ నాణెం మీద బుడిపె వస్తుంది. తర్వాత ఎవరైనా గీకితే మాత్రం గీత లోపలికి పోతుంది, గట్ల మీద లేచిన లోహం కనిపిస్తుంది. ఉబ్బు గీత చాలాసార్లు టంకశాలది. గుంట గీత చాలాసార్లు మనది.

రెండోది, గుంట అడుగు. నాకు అసలు సమాధానం ఇక్కడే దొరికింది. అచ్చులో జిడ్డు నిండితే అక్షరం పడదు, నిజమే. కానీ పడనిచోట ఏముంటుంది? చుట్టూ ఉన్న నేలలాగే చదునుగా, నున్నగా ఉంటుంది. అక్షరం లేకపోవడం వేరు, అక్షరం ఉన్నచోట గొయ్యి ఉండటం వేరు. మా కాసు మీద సింహం ఉండాల్సిన చోట చుట్టూ ఉన్న నేలకన్నా లోతుంది. ఆ లోతు అడుగు ఉప్పుకాగితంలా గరుగ్గా ఉంది. గట్లు లోపలికి తొలిచినట్టున్నాయి, అంటే గొయ్యి నోటికన్నా కడుపు పెద్దది. అచ్చు దెబ్బ అలాంటి గొయ్యి చెయ్యలేదు. అది నెమ్మదిగా తినేదాని పని.

మూడోది, వెనక్కి తిప్పి చూడటం. దెబ్బ సరిగ్గా పడకపోవడం వల్ల బొమ్మ మసకగా వస్తే, చాలాసార్లు అదే చోట రెండోవైపు కూడా మసకగా ఉంటుంది. రెండు అచ్చుల మధ్యా ఆ చోట లోహం చాలలేదు కాబట్టి. మా కాసుకి వెనకవైపు అదే చోట పార్సీ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. బొమ్మకి ఒక న్యాయం, బొరుసుకి ఒక న్యాయం. కాబట్టి దెబ్బ బాగానే పడింది.

నాలుగోది, ఆ లోపానికి బొమ్మతో సంబంధం ఉందా అన్నది. చేతులు మారి అరిగిన నాణెం ఎత్తైన చోట్ల ముందు అరుగుతుంది: సింహం భుజం, డాలు అంచు. అరుగుదలకి ఒక క్రమం ఉంటుంది. చిలుముకి అలాంటిదేమీ లేదు. అక్షరం సగంలో మొదలుపెట్టి, ఖాళీ నేల మీదుగా, అంచు దాకా పాక్కుంటూ పోతుంది. అన్నిటికన్నా పెద్ద పరీక్ష, అదే లోపం ఇంకో నాణెం మీద ఉందా అని చూడటం. ఒక అచ్చు వేల నాణేలు కొడుతుంది కాబట్టి అచ్చు లోపం ఒక్కదానితో ఆగదు, తోబుట్టువులు ఉంటాయి. చిలుము ఏ రెండు నాణేలనీ ఒక్కలా తినదు.

మొత్తానికి ఆ వ్యాపారి చెప్పింది తప్పు. సింహాన్ని మింగింది బర్మింగ్‌హామ్ కాదు. అయితే డబ్బాలో ఇంకో పది కాసుల బిళ్ళ మీద, డాలు నుంచి అంచుదాకా వెంట్రుకంత ఉబ్బు గీత కనిపించింది. అది మాత్రం కచ్చితంగా అచ్చులో బీట. పద్నాలుగింటిలో టంకశాల మీదికి తొయ్యగలిగింది అదొక్కటే.

ఈ పరీక్షలన్నీ మరమీద కొట్టినవాటికి. చేతి అచ్చు డబ్బుల దగ్గరికొస్తే ఇవి సగం పనికిరావు. అక్కడ అచ్చు బిళ్ళకన్నా పెద్దది. కింద ఒక అచ్చు, మధ్యలో రాగి ముక్క, పైన ఒక అచ్చు, దాని మీద సుత్తి దెబ్బ. రాసినదాంట్లో ఎంత పడితే అంత. రాజు పేరు సగం, సంవత్సరం ఒక అంకె, ఊరి పేరు అసలు లేకపోవడం: ఇవేవీ లోపాలు కావు, పద్ధతే అది. దెబ్బకి అంచు చిట్లడం కూడా మామూలే. తప్పు అనాలంటే ముందు అక్కడ ఒప్పు ఏమిటో తెలియాలి.

అందుకే అలాంటి నాణేల మీది రాత ఏ ఒక్క నాణెం నుంచీ పూర్తిగా చదవరు. ఒకదాంట్లో మొదటి మూడక్షరాలు, ఇంకోదాంట్లో మధ్య నాలుగు, అలా పేర్చుకుంటూ పోతారు. తెలంగాణలో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలు దీనికి మంచి ఉదాహరణ. పురాణాల రాజవంశాల జాబితాల్లో మొదటి శాతవాహనుడి పేరు శిశుకుడనీ సింధుకుడనీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నానేఘాట్ గుహలో మాత్రం విగ్రహానికి పైభాగాన సిముక అని చెక్కి ఉంది. కోటిలింగాల నాణేల మీద పి.వి. పరబ్రహ్మశాస్త్రి 'చిముక సాతవాహన' అన్న పేరు చదివారు. గోబద, సమగోప లాంటి, అంతకుముందు ఎవరికీ పెద్దగా తెలియని పాలకుల పేర్లూ అక్కడి నాణేల మీదే బయటపడ్డాయి. ఈ చరిత్రంతా వేలిగోరంత అక్షరాల మీద నిలబడి ఉంది. చిలుము చేసిన గుంటని అక్షరంగా చదివితే లేని రాజు పుట్టుకొస్తాడు. అక్షరాన్ని గుంట అనుకుని వదిలేస్తే ఉన్న రాజు పోతాడు. అలాంటి నాణెం దొరికిన మనిషి ముందు ఇంటికి తీసుకెళ్ళి చింతపండుతో తోముతాడనుకోండి, ఆ తర్వాత చదవడానికి ఏమీ ఉండదు.

ఎందుకుండదో చెప్పాలి. ఎందుకంటే చిలుము తీసేస్తే కింద అసలు నాణెం బయటపడుతుందని నేనూ అనుకున్నా. రాగి గాలికీ తేమకీ ముందు ఎర్రటి పొర కడుతుంది, దాన్ని క్యూప్రైట్ అంటారు. దాని మీద నలుపు, ఆపైన ఆకుపచ్చ మాలకైట్ పేరుకుంటాయి. బాగా దెబ్బతిన్న నాణెంలో అక్షరం ఆకారం ఇంకా లోహంలో ఉండదు. లోహం చిలుముగా మారిపోయింది కదా. ఆ ఆకారం ఈ పొరల్లో, ముఖ్యంగా ఆ ఎర్రపొర దగ్గర, నిలిచి ఉంటుంది. మ్యూజియంలో పనిచేసేవాళ్ళు సూక్ష్మదర్శిని కింద పెట్టి, చిన్న కత్తి మొనతో పైపొర మాత్రం గీకి అక్కడ ఆగిపోతారు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లానికి ఎక్కడ ఆగాలో తెలీదు. పొరలన్నీ కరిగించి గులాబిరంగు రాగి దాకా పోతుంది. మా అమ్మమ్మ కాసు మీద సింహం చివరిదాకా ఉండి ఉంటే, అది చిలుములోనే ఉండి ఉంటుంది. దాన్ని బోరింగు నీళ్ళతో కడిగేసింది నేను.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఇళ్ళలో డబ్బాల్లో పడున్న రాగి సాధారణంగా గోధుమరంగుకో నలుపుకో తిరుగుతుంది. ఇంత లోతు గుంటలు పడవు. ఇవి గార్డనర్ ఓడ కాసు మీది గుంటల్లా ఉన్నాయి. నేను తోమకముందు వాటి మీద లేత ఆకుపచ్చ పొడి ఉండటం కూడా గుర్తుంది. అది ఉప్పులోని క్లోరైడు రాగిలో దూరితే వచ్చేది. మాలకైట్ గట్టిగా, ముదురుగా ఉంటుంది, రాయిలా నిలకడైనది. ఈ లేతపచ్చ పొడి వేరు. లోపల దాక్కున్న క్లోరైడు గాలిలో తేమ తగలగానే ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం ఇంకాస్త రాగిని తింటుంది, మళ్ళీ అదే చక్రం. దీనికి 'బ్రాంజ్ డిసీజ్' అని పేరు, రాగికి కూడా వస్తుంది.

అమ్మకి ఫోన్ చేసి అడిగాను, "ఈ డబ్బా ఎప్పుడైనా ఉప్పునీళ్ళలో పడిందా?" అని.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అమ్మ చెప్పింది. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. అప్పుడు అమ్మకి తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. ఆ కాసులు ఆ పిల్లాడి ఆటసామాను. అమ్మని కూచోబెట్టి బొమ్మా బొరుసా ఆడేవాడట. ఎప్పుడూ సింహాలే కోరుకునేవాడట. సముద్రం వచ్చిన రాత్రి మట్టిగోడలు కూలిపోయాయి. మూడు వారాల తర్వాత గోడ కింద బురద తవ్వుతుంటే డబ్బా దొరికింది. పిల్లాడు దొరకలేదు.

"అమ్మమ్మ వాటిని కడగనిచ్చేది కాదు. నువ్వు చిన్నపిల్లవని ఏమీ అనలేదు" అంది అమ్మ.

తప్పు ఎవరిదో తేల్చుకుందామని మొదలుపెట్టాను. తేలింది. టంకశాల ఆ కాసుని ఏ లోపమూ లేకుండా పంపించింది. దాన్ని ఉప్పెన తింది. ఉప్పెన తిన్నాక మిగిలినదాన్ని అమ్మమ్మ ఇరవై ఆరేళ్ళు అలాగే ఉంచింది. నేను గంటలో తీసేశాను. అది ఎవరూ కొనే సాక్ష్యం కాదు, ఏ రాజు పేరూ చెప్పదు. కానీ ఆ పిల్లాడి గురించి మా ఇంట్లో మిగిలినవి ఆ నాణేలే. ఫొటో కూడా లేదు.

పోయిన వానాకాలం కాసు కవరు విప్పితే సింహం గోతిలో మళ్ళీ లేతపచ్చ చుక్క కనిపించింది, ఆవగింజంత. ముందు ఒక రకమైన సంతోషం కలిగింది, ఉప్పెన ఇంకా అందులో ఉందని. ఆ వెంటనే గుర్తొచ్చింది, నేను తోమినప్పుడు చింతపండులో గుప్పెడు ఉప్పు కూడా వేశాను. సరిగ్గా కడిగానో లేదో. ఆ గొయ్యి పాతదని చెప్పగలను. దాని అడుగున ఒక మూల చింతపండు అందని చోట ముదురుపచ్చ గట్టిపొర ఇంకా ఉంది. అది నాకన్నా ముందుది. కానీ ఈ కొత్త చుక్కని పుట్టించిన ఉప్పు సముద్రానిదా, మా అమ్మమ్మ వంటింటిదా అంటే, ఏ భూతద్దమూ చెప్పలేదు. అచ్చు లోపానికీ చిలుముకీ తేడా పట్టుకోవచ్చు. ఉప్పుకీ ఉప్పుకీ తేడా ఉండదు.

దాన్ని మళ్ళీ తోమలేదు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, గాలి చొరబడని డబ్బాలో పెట్టాను. పొడిగా ఉన్నంతకాలం ఆ జబ్బు ముందుకి పోదు. ఒక్కో నాణేన్నీ ఒక్కో కాగితం కవర్లో పెట్టి, దాని మీద తెలిసినంతవరకు రాశాను. పెద్ద కాసు కవరు మీద ఇలా ఉంటుంది:

ఇరవై కాసులు, 1808, సోహో. అచ్చు లోపం లేదు. 1977 నవంబరు, ఉప్పునీరు, మూడు వారాలు. 2003 మే, చింతపండు, ఉప్పు. తోమింది నేను.